మూడో పాటలో గరగర

నా చెవి మీద నాకు గర్వం ఎక్కువ. ముప్పై ఏళ్లు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేశాను. ఉప్పుగూడ నుంచి ఉస్మాన్‌గంజ్ దాకా ఏ గల్లీలో ఏ తీగ ఎటు పోయిందో కళ్లు మూసుకుని చెప్పేవాడిని. నిచ్చెనెక్కి, టెస్ట్ ఫోన్ చెవికి ఆనించి ఒక్క క్షణం వింటే చాలు. తీగ తెగిందా, ఎర్త్ తగిలిందా, జాయింట్‌లోకి నీళ్లు దిగాయా తెలిసిపోయేది. వానాకాలంలో ఉస్మాన్‌గంజ్ సేట్లు పక్క దుకాణం ఫోన్ నుంచి కంప్లయింట్ ఇచ్చేవాళ్లు: "ఫోన్ల మిర్చీలు వేగుతున్నయ్ భాయ్, జల్ది రా." జాయింట్ తడిస్తే లైన్లో అచ్చం అదే చప్పుడొస్తుంది. వెళ్లి తడిసిన ముక్క కోసేసి, కొత్త జాయింట్ కట్టి, ఫిర్యాదు చీటీ (మా భాషలో డాకెట్) మీద సంతకం పెట్టించుకుని వచ్చేవాడిని.

తర్వాత ల్యాండ్‌లైన్లూ పోయాయి, మేమూ వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని ఇంటికొచ్చాం. చేతులకు పని లేకపోతే మనిషి ఎలాగో ఓర్చుకుంటాడు. చెవికి పని లేకపోతే ఇల్లంతా ఆరాలు తీస్తుంది. ఫ్రిజ్ మూలుగుతోందన్నాను, ఫ్యాను బేరింగ్ పోతోందన్నాను, విజిల్ విని కుక్కర్ రబ్బరు మార్చమన్నాను. "జర బయట తిరిగి రాపో నువ్వు. గా చెవులకు కూడ రిటైర్మెంట్ ఇయ్యి," అంది మా ఆవిడ.

బయటికి పోలేదు, ఫోన్‌లోకి పోయాను. పాత ఎక్స్‌ఛేంజ్‌లో స్విచ్‌లు టకటకలాడే చప్పుడు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఒక మధ్యాహ్నం వెతికాను. దొరికింది. కానీ ఎవరో దాన్ని పాట చేసి పెట్టారు. మాటల్లేవు, తబలా లేదు, ఉత్త టకటకే ఒక చోట మొదలై, పెరిగి, వానలా కురిసి ఆగిపోయింది. లేచి కూర్చున్నాను. అది చేసిన మనిషి పేజీలో పాట ఎంతమంది కొన్నారో చూస్తే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అలా ఒక కొత్త లోకంలో పడ్డాను. సంగీతం చేసేవాళ్లే తమ పాటలు పెట్టుకుని అమ్ముకునే వెబ్‌సైట్లున్నాయి. ఒకాయన గడ్డకట్టిన చెరువు పగిలే చప్పుడుతో పాట కడతాడు. ఒకావిడ కుట్టుమిషన్‌తో కడుతుంది. ఊరికే వినొచ్చు కదా, కొనడమెందుకని నా పాత దోస్తులు నవ్వారు. మిట్టమధ్యాహ్నం స్తంభం మీద వేలాడి దిగివచ్చినవాడికి మంచినీళ్లైనా ఇవ్వని ఇళ్లు నేను చాలా చూశాను. అందుకే నేను కొంటాను. కొని ఊరుకోను, రిపోర్టు కూడా రాస్తాను. డిపార్ట్‌మెంట్ డాకెట్ పద్ధతే: పాట పేరు, ఏ నిమిషం, ఏ సెకను, ఏం వినిపించింది. "బాగుంది" అని రాసేవాళ్లు వాళ్లకు బోలెడు మంది. రెండో నిమిషంలో మంచు పగలడానికి ముందు ఒక చిన్న గాలి బుడగ తేలిందని రాసేవాణ్ని నేనొక్కణ్నే. ఆ చెరువాయన, ఇంతవరకూ తన పాట ఎవరూ ఇలా వినలేదని రెండు పేజీల ఉత్తరం రాశాడు. గూగుల్‌లో తెలుగులోకి మార్చుకుని చదివి, మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

పోయిన వానాకాలంలో కాకినాడ అమ్మాయి ఒకామె పేజీ దొరికింది. కంప్యూటర్ మీద చేసిన నాలుగు పాటలు పెట్టింది. అప్పటిదాకా ఒక్కరూ కొనలేదు. నేను కొన్నాను. పొద్దున గడ్డం గీసుకుంటూ వినడానికి మెమరీ కార్డులో ఎక్కించి వంటింట్లోని చిన్న స్పీకర్ డబ్బాలో పెట్టాను. నాలుగూ బాగున్నాయి. కానీ మూడో పాట మొదటి నుంచి చివరిదాకా మిర్చీలు వేగుతున్నాయి. తడి జాయింట్, సందేహమే లేదు. మిగిలిన శబ్దాలన్నీ అంత శుభ్రంగా చేసిన పిల్ల ఇది చూసుకోలేదే అని జాలిపడి ఆ సాయంత్రమే రాశాను: "మూడో పాటలో గరగర ఉంది. జాయింట్ తడిసినది. సరిచేయగలరు. ఇట్లు, ముప్పై ఏళ్ల అనుభవం గల లైన్‌మన్." కింద ఫోన్ నంబరు కూడా వేశాను.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. "సరిచేశానండి, థాంక్సండి." మూడో పాట కొత్తది పెట్టింది. ఫోన్‌లో పాతదాని చోట దించుకుని విన్నాను. గరగర పోయింది, లైన్ క్లియర్. కార్డులో ఉన్న పాతదాన్ని మాత్రం తీయలేదు. కోసిన తీగముక్కను కస్టమర్ హలో అనేదాకా పారెయ్యొద్దని నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

నెల దాటాక ఒక ఉదయం ఫోన్‌లో ఆ కొత్త పాట పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపి, "గిది మన డబ్బాల వచ్చే పాటనే గదా? మరి గా పెద్దమనిషి ఏడికి పోయిండు?" అంది.

"ఏ పెద్దమనిషి?"

"గరగర నడుమ హలో హలో అంటుంటడు గదా. రోజు పొద్దుగాల వింటున్న. నువ్వు వింటలేవా ఏంది?"

నేను వినలేదు. అసలు అలాంటి మనిషి ఉన్నాడని నాకు తెలియదు. ఆమె పొరపడిందనే అనుకున్నాను, ఎందుకంటే నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. అయినా అనుమానం తీరక ఆ అమ్మాయికి రాశాను: పాత మూడో పాటలో మనిషి గొంతు ఏమైనా ఉందా అని. పావుగంటలో ఫోనొచ్చింది.

"మా నాన్నగారండి," అంది. "మాకు ఎస్‌టీడీ బూత్ ఉండేది. బూత్ తీసేశాక కూడా నాన్న ఆ లైన్ తీయించలేదు. వానొస్తే రిసీవర్ ఎత్తి, ఆ చప్పుడులో హలో, వినబడుతోందా అండీ అనేవారు. అలవాటండి. నా సెల్‌ఫోన్ దగ్గర పెట్టి రికార్డ్ చేశాను. ఆ తర్వాత రెండు నెలలకే నాన్న పోయారు."

"మరెందుకు తీసినవమ్మా?"

"నా పాట కొన్న మొదటి మనిషి మీరేనండి. పైగా లైన్‌మన్‌నన్నారు. మీకే తప్పుగా వినబడిందంటే తప్పే అనుకున్నాను. గరగర తీసేస్తే నాన్న గొంతూ దాంతో పోయింది. కంప్యూటర్లో పాతదాని మీదే కొత్తది సేవ్ చేసేశాను. అసలు రికార్డింగ్ ఫోన్‌లో ఉందిలే అనుకున్నానండి. పోయిన వారం ఫోన్ నీళ్లలో పడింది. షాపువాళ్లు ఏమీ రాదన్నారు." మళ్లీ తనే, "మీ తప్పు కాదులెండి," అంది.

నా తప్పే. "నా దగ్గర ఉన్నది, సాయంత్రం వరకు పంపుత," అని చెప్పి స్పీకర్ డబ్బా దగ్గరికి వెళ్లాను. డబ్బాలో కార్డు లేదు.

"చర్చి పాటలు ఎక్కియ్యమని నిన్న చార్మినార్ కాడి భాయ్‌కి ఇచ్చిన," అంది మా ఆవిడ. "పాతయన్ని నీ ఫోన్ల ఉన్నయ్ గదా అని, తీసేసి ఎక్కియ్యమన్న."

ఆటో ఎక్కాను. లాడ్ బజార్ మూలమీద ఆటో ఇరుక్కుంటే దిగి, గాజుల బేరాలాడే ఆడవాళ్లను తప్పించుకుంటూ నడిచాను. నా వయసుకు దాన్ని పరుగనే అనాలి. సెల్‌ఫోన్ దుకాణం భాయ్ కార్డును కంప్యూటర్‌కు తగిలించే ఉన్నాడు.

"అచ్ఛా హువా ఆగయే సాబ్," అన్నాడు. "ఇస్మే ఏక్ గానా పూరా ఖరాబ్ హై. ఖాలీ ఖర్ ఖర్ ఆరా. సబ్‌సే పెహ్లే ఉస్‌కోచ్ ఉడాదేరూఁ." ఆ గరగర పాటనే అన్నిటికంటే ముందు చెరిపేస్తాడట.

"నక్కో భాయ్," అని అతని చెయ్యి పట్టుకున్నాను. "వహీచ్ హోనా. గా ఖరాబ్ పాటనే కావాలె నాకు."

నావైపు ఒకలా చూసి, ఇయర్‌ఫోన్లు చేతికిచ్చాడు. బజారు రొదలో రెండు చెవులూ మూసుకుని విన్నాను. ఈసారి జాయింట్ కోసం వెతకలేదు. గరగరను గరగరగానే పోనిచ్చాను. రెండో నిమిషం దాటాక దాని అడుగున ఒక పెద్దాయన మర్యాదగా, తొందర లేకుండా అడిగాడు: "హలో... వినబడుతోందా అండీ?"

నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లు ఎన్ని లైన్లలో ఎంతమంది ఇలా అడిగి ఉంటారు? నేను తీగనే విన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని నా దోస్తుల్ని ఎన్నిసార్లు వెక్కిరించానో. ఆ చెవిటివాణ్ని నేనే. భాయ్ కంప్యూటర్ నుంచే పాట పంపించాను. అందిందని ఆ అమ్మాయి రాసేదాకా ఆ దుకాణం బల్ల మీదే కూర్చున్నాను.

మర్నాడు పాత మూడో పాట మళ్లీ పేజీలోకి వచ్చింది. నేను కొత్త రిపోర్టు రాసి పంపాను. ఫిర్యాదు: మూడో పాటలో గరగర. ఫాల్ట్ ఎక్కడ: లైన్‌మన్ చెవిలో. కనిపెట్టినవారు: లైన్‌మన్ భార్య.

రిపోర్టులు ఇప్పటికీ రాస్తున్నాను. నా చెవి ఇప్పటికీ మంచిదే, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. కాకపోతే పంపే ముందు పాట ఒకసారి మా ఆవిడకు వినిపిస్తాను. చర్చి పాటలు వేరే కార్డులో పెట్టించాం. పాత కార్డు డబ్బాలోనే ఉంది. రోజూ పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే, మిర్చీలు వేగే చప్పుడులోంచి ఆ పెద్దాయన అడుగుతాడు. మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే జవాబిస్తుంది.

"వినవడ్తున్నది బాపు, చెప్పు."