డబ్బాలో వెయ్యని చీటీ

ఇరవై ఏళ్ళ పైనుంచి నేనొక కాగితం ముక్కను దాచుకుని బతుకుతున్నాను. మడత విప్పితే అరచెయ్యంత ఉంటుంది. ఇళ్ళు మారాను, పెట్టెలు మార్చాను, జుట్టు నెరిసింది. ఆ కాగితం మాత్రం నాతోనే ఉంది. చింపేద్దామని ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాను. చింపలేదు. ఎందుకు చింపలేదు? ఎవరికైనా చూపించాలనేమో. పాస్టరు గారికి చూపించలేదు. నా కూతురికీ చూపించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. ఇన్నాళ్ళకు నా మాట నేనే రాసుకోగలుగుతున్నాను. ఇంకొకరి చేత రాయించే సంగతి కాదిది.

అప్పట్లో నేను సౌదీలో, అల్ ఖోబర్ దగ్గర ఒక కాంపౌండులో పనిచేసేదాన్ని. గోడ లోపల అమెరికా వాళ్ళ ఇళ్ళు, పచ్చటి మైదానం. గోడ బయట ఇసుక. నన్ను పెట్టుకున్న సార్ ఒక కంపెనీలో పెద్ద అధికారి. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీలు అంటారు, వేరే సౌదీ ఆయనే అయినా, నేను ఇంటికి వెళ్ళాలన్నా ఉండాలన్నా సార్ నోటి మాటే.

శుక్రవారం వస్తే ఆ కాంపౌండంతా ఫుట్‌బాల్. మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ మొన తేలిన బంతి. దాన్ని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడితే మిగతావాళ్ళు మీదపడి కూలదోస్తారు. సార్ ఆ జట్టుకి కోచ్. ఆఫీసులో ఎలా ఉండేవాడో నాకు తెలియదు గాని మైదానంలో ఆయన మాటకు తిరుగులేదు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆట ముందు రోజే చీటీ రాసి ఇవ్వాలి. మా వంటింటి కిటికీ దగ్గర మూతకు చీలిక కోసిన బిస్కెట్ల డబ్బా ఉండేది. ఆటగాళ్ళు వెనక గుమ్మంలోకి వచ్చి చీటీ నా చేతికిచ్చేవాళ్ళు, నేను డబ్బాలో వేసేదాన్ని. సాయంత్రం సార్ అవి చదివి మర్నాటి ఆట ఎలా ఆడాలో కాగితం మీద గీసుకునేవాడు. చీటీ లేదంటే ఆ మనిషి బాగున్నట్టే. మైదానంలోకి వచ్చాక నొప్పి అనే మాట ఎవరూ ఎత్తకూడదు.

ఆ జట్టులో ఒక్కడే మనవాడు. ప్రసాద్ బాబు. విశాఖపట్నం కుర్రవాడు, ఇంజనీరు. పైపుల స్తంభాలెక్కి తనిఖీ చేసే ఉద్యోగం. పరిగెత్తడానికి కాదు, బంతిని తన్నడానికి పెట్టుకున్నారు. దూరం నుంచి తన్ని రెండు గుంజల మధ్య నుంచి పంపితే మూడు పాయింట్లు. దాన్ని ఫీల్డ్ గోల్ అంటారని, వంటింటి బల్ల మీద రెండు గరిటెలు నిలబెట్టి బంగాళాదుంపతో చూపించాడు. దుంప వెళ్ళి మేడమ్ పాలగిన్నెలో పడింది. "చూశావా అక్కా, మూడు పాయింట్లు," అని నవ్వాడు. నన్ను అక్కా అని పిలిచిన మనిషి ఆ గోడ లోపల అతనొక్కడే.

నాకు సొంత అక్క ఉండేది. మరియమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే.

ఉత్తరాలు సార్ కంపెనీ పోస్టు బాక్సుకి వచ్చేవి. నాకు చదువు రాదు కాబట్టి, కవరు నాదేనని తెలియడానికి మా బావ మూలన చిన్న శిలువ గీసేవాడు. ఒకరోజు సార్ ఆటసామాను సంచి దులుపుతుంటే మురికి మేజోళ్ళ కింద ఒక కవరు దొరికింది. నలిగిపోయి ఉంది. మూలన శిలువ ఉంది.

ప్రసాద్ బాబు వెనక గుమ్మంలో నిలబడి చదివి పెట్టాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేశాడు. అక్కను ఆసుపత్రి నుంచి పంపించేశారట. ఇంక చేసేదేమీ లేదన్నారట. చర్చి పక్కన కొత్తగా ఫోను వచ్చింది, నంబరు ఇదీ, ఆదివారం పొద్దున్న చెయ్యి, నీ గొంతు వినాలంటోంది అని బావ రాశాడు. ప్రసాద్ బాబు కవరు తిప్పి తపాలా ముద్ర చూశాడు. నేనే అడిగాను. రెండు నెలల కిందటిదన్నాడు.

అతని ఫోను నుంచే చేశాను. బావ చెప్పాడు. మూడు ఆదివారాలు అక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మోసుకుని ఫోను దగ్గరికి తీసుకెళ్ళారట. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చునేదట. నాలుగో ఆదివారానికి అక్క లేదు.

కవరు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అడిగాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మర్చిపోయాను," అన్నాడు. తర్వాత నవ్వుతూనే, "అయినా నీకు చదవడం రాదు కదా. అప్పుడే ఇస్తే మాత్రం ఏం చేసేదానివి?" అన్నాడు. పేపరు తిప్పుకున్నాడు.

ప్రసాద్ బాబు నన్ను సముదాయించాడు. "గొడవ పెట్టుకోకు అక్కా. నీ పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది. మింగెయ్యి." మింగేశాను. రోజూ కాఫీ ఇచ్చాను, చొక్కాలు ఇస్త్రీ చేశాను. కాని కడుపులో ఒకటే మాట. నా కాగితం దాచావు. నీ కాగితం నాకు దొరక్కపోతుందా?

దొరికింది. అది మాత్రం ఆయన కాగితం కాదు.

నాలుగు నెలల తర్వాత, దమ్మామ్ వైపు కాంపౌండు జట్టుతో ఆఖరి ఆట. ముందు రోజు పొద్దున్నే ప్రసాద్ బాబు కుంటుతూ వచ్చాడు. కారు ఇంజను ఆపకుండానే వచ్చినట్టున్నాడు, సైటుకి వెళ్ళే తొందర. "తొడ పట్టేసిందక్కా. దగ్గర నుంచైతే ఎలాగో తన్నేస్తాను, దూరం నుంచి నా వల్ల కాదు. ఇది డబ్బాలో వేసెయ్," అని చీటీ నా చేతిలో పెట్టాడు.

చీటీ పట్టుకుని డబ్బా దగ్గరికి వెళ్ళాను. చీలిక మీద పెట్టాను కూడా. అది తెలియక చేసిన పని కాదు. ఏది ఎవరి చీటీనో తెలియని రోజులున్నాయి గాని, ఆ రోజు నాకు తెలుసు. అందులో ఏముందో తెలుసు. అది లేకపోతే సార్ తప్పు లెక్క గీసుకుంటాడని తెలుసు. అందరి ముందూ ఓడిపోతాడని తెలుసు. ప్రసాద్ బాబు కాలు సంగతి ఆలోచించానా? ఆలోచించాను. మహా అయితే బంతి పక్కకు పోతుంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. చీటీ తీసి జాకెట్టులో పెట్టుకున్నాను.

ఆట రోజు నారింజ తొనలూ నీళ్ళూ పట్టుకుని మైదానం పక్కన నిలబడడం నా పని. గాలి దుమ్ము రేపుతోంది. ఆఖరికి మావాళ్ళు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గడియారంలో కొద్ది సెకన్లే మిగిలాయి. గుంజలు యాభై గజాల పైనే. ఎర్రగడ్డం ఉన్న ఆటగాడొకాయన, సార్‌కి స్నేహితుడు, "తన్నడం వద్దు, బంతి మనవాళ్ళకే విసురుదాం, ఇంకొక్కసారి విసురుదాం!" అని అరుస్తున్నాడు. సార్ తన కాగితం చూసుకున్నాడు. ప్రసాద్ బాబు పేరు పిలిచాడు.

ప్రసాద్ బాబు లేచి నిలబడి సార్ వైపు చూశాడు. చెయ్యి తొడ మీద వేసి చూశాడు. చీటీ చదివి కూడా పిలుస్తున్నారా అని అడుగుతున్న చూపు అది. ఆ చూపు అర్థమైంది నాకొక్కదానికే. సార్ తల ఊపాడు. వెళ్ళు, నువ్వు కొడతావు అని. నేను వాళ్ళిద్దరికీ నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చీటీ నా ఒంటికి అతుక్కుని ఉంది. చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెం కింద పెట్టి చీటీ తీసి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది?

నారింజ తొనలు సర్దాను.

బంతి గుంజల దాకా కూడా వెళ్ళలేదు. తన్నిన కాలు అలాగే మడత పడి, మోకాలు కింద నలిగి, అతను పడిపోయాడు. ఆ కేక నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఆ సాయంత్రం మా ఇంటి హాలు నిండా మగవాళ్ళు. ప్రసాద్ బాబును ఆసుపత్రిలో వదిలి వచ్చారు. వాదన మొదలైంది. మాట్లాడడం అంతగా రాకపోయినా, వింటే వాళ్ళ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది.

"విసరాల్సింది," అన్నాడు ఎర్రగడ్డం ఆయన. "అంత దూరం నుంచి, ఆ గాలిలో తన్నమనడమేమిటి?"

"విసిరితే పట్టేదెవరు? నువ్వా? పొద్దుట్నుంచి నాలుగు జారవిడిచావు. చేతులకు వెన్న రాసుకొచ్చావా?" అన్నాడు సార్.

"నా చేతుల సంగతి సరే. అతని కాలు సంగతి చూడక్కర్లేదా?"

"కాలు బాగుంది. చీటీ లేదు."

"చీటీ, చీటీ! మనిషి ముఖం చూడడం రాదా నీకు?"

నేను కాఫీ కప్పులు అందిస్తున్నాను. మెతుకు ముట్టకపోయినా ఆ పూట నాకు కడుపు నిండిపోయింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కాని అది నిజం.

మర్నాడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, చీటీ ఇచ్చానని ప్రసాద్ బాబు అంటున్నాడని. సార్ వంటింట్లోకి వచ్చి డబ్బా బోర్లించాడు. నన్ను అడిగాడు. ఆయన మాటే ఆయనకు తిరిగి ఇచ్చాను.

"నాకు చదవడం రాదు కదా సార్. ఏది ఎవరి కాగితమో నాకేం తెలుసు? ఇచ్చినవన్నీ వేశాను."

మేడమ్ అడ్డొచ్చింది. పాపం, దాన్నెందుకు అంటావు అంది. చదువు రానిదాన్ని ఎవరూ అనుమానించరు. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది.

సార్ మాట ఎవరూ నమ్మలేదు. చీటీ చదివే ఉంటాడు, గెలుపు కోసం కుర్రవాణ్ణి బలిపెట్టి చీటీ మాయం చేశాడు అన్నారు. జట్టు ఆయన చేతి నుంచి పోయింది. ఎర్రగడ్డం ఆయన పలకరించడం మానేశాడు. శుక్రవారాలు ఆ ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. సార్ ఒక్కడే హాల్లో కూర్చుని ఆ పాత కాగితం మీద గీతలు చూసుకునేవాడు. నేను గుమ్మంలోంచి చూసేదాన్ని. మూడు ఆదివారాలు కుర్చీలో కూర్చున్న మా అక్కను తలుచుకుంటూ చూసేదాన్ని. దానికి నేను ఈ రోజుకీ బాధపడను. బాధపడుతున్నానని రాస్తే అది ఇంకో అబద్ధం.

ప్రసాద్ బాబు సంగతి వేరు.

మోకాలికి ఆపరేషను చేశారు. స్తంభాలెక్కే ఉద్యోగం ఇంక కుదరదన్నారు. కంపెనీ పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి, ఇంక తిరిగి రానక్కర్లేదని ఇంటికి పంపేసింది. వెళ్ళేముందు చేతికర్రతో వెనక గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, ఒక్కటే అడుగుతాను. ఆ చీటీ డబ్బాలో వేశావు కదూ?"

"వేశాను బాబూ."

"నాకు తెలుసు. నువ్వెందుకు వెయ్యవు! అంటే ఆయన చదివే పంపించాడన్న మాట." చేతికర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. "ఒక మనిషి అలా ఎలా చెయ్యగలడక్కా?"

అతని సంచిలో రెండు రొట్టెలు పెట్టాను. వద్దన్నాడు. అయినా పెట్టాను.

అతను ఎక్కడున్నాడో తెలియదు. వెతికానా? లేదు. దొరుకుతాడేమోనని భయం. ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతాడేమోనని.

మా ఊరు వచ్చేశాక, చర్చిలో పెద్దవాళ్ళకు చదువు చెబుతుంటే చేరాను. బైబిలు చదువుకోవాలని అందరికీ చెప్పాను. అదీ ఉంది. అసలు కోరిక వేరు. తెలుగు వచ్చాక మనవరాలి పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. డిక్షనరీ దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ ఎనిమిది రోజులు చదివాను ఆ చీటీ. అతను నోటితో చెప్పిందే ఉంది. తొడ పట్టేసింది, దూరం వద్దు, మిగతావాళ్ళకు చెప్పకండి అని. దాని కింద నాకు చెప్పని వాక్యం ఒకటుంది. వేరే దారి లేకపోతే, మీరు తన్నమంటే తన్నుతాను.

ఆ పూట ఎంత తేలికపడ్డానో! చీటీ చేరినా సార్ పంపేవాడేమో. కాలు ఎలాగూ పోయేదేమో. రెండు రోజులు ఆ వాక్యాన్ని పట్టుకుని వేళ్ళాడాను. మూడో రోజు వదిలేశాను. సార్ ఏం చేసేవాడో ఎవరూ చెప్పలేరు. చెప్పలేకుండా చేసింది నేను. తెలిసి పంపడమో, తెలిసి ఆపడమో ఆయన తేల్చుకోవాల్సింది. ఆ హాల్లో అంతమంది మగవాళ్ళు ఆయన నిర్ణయం తప్పా ఒప్పా అని గొంతులు చించుకున్నారే, ఆ నిర్ణయం ముందు రోజు పొద్దున్నే వంటింట్లో జరిగిపోయింది. చేసింది నేను. నన్ను అక్కా అన్నవాణ్ణి తీసుకెళ్ళి నా పగకు బంతిలా వాడుకున్నాను.

ఈ రోజు చీటీ వెనక ఖాళీలో తెలుగులో రాశాను. "ప్రసాద్ బాబు ఇది నా చేతికిచ్చాడు. సార్ చదవలేదు. డబ్బాలో వెయ్యనిది నేను." అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని మళ్ళీ మడత పెట్టలేదు. బల్ల మీద విప్పి, గాలికి ఎగరకుండా గ్లాసు పెట్టాను. కాసేపట్లో నా కూతురు వస్తుంది. దానికి చదవడం వచ్చు.