గంజి పెట్టిన గోచీలు

పురిటికి పుట్టింటికి వచ్చిన మర్నాడే అమ్మ కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీసి, నూనె వేసి, బాబిన్‌కి తెల్లదారం చుట్టాను. అప్పటికి నాకు ఏడో నెల.

"ఏటి కుడతావే ఇప్పుడు?" అంది అమ్మ.

"న్యాపీలు."

"అయ్యేటి?"

"పిల్లలకి కట్టే గుడ్డలమ్మా."

"గోసీలా! గోసీలు కుట్టడమేటే? పాత సీర సింపితే సరిపోద్ది గదా."

అక్కణ్ణించి మొదలైంది. ఆ రెండు నెలలూ, తర్వాత ఇంకో రెండు నెలలూ ఆ ఇంట్లో నేను చెప్పింది చెప్పినట్టు విన్నది కుట్టుమిషను ఒక్కటే.

నేను ఇంటర్‌తో చదువు ఆపేశాను. మిగతా చదువంతా మా నర్సీపట్నం లైబ్రరీలో చదువుకున్నదే. మొదట్లో పేపర్లో ఉద్యోగాల పేజీ కోసం వెళ్ళేదాన్ని. ఉద్యోగం రాలేదు గానీ బీరువాలు తెరవడం అలవాటైంది. నవలల బీరువా అయ్యాక వైద్యం, అది అయ్యాక గృహవిజ్ఞానం. ఎవరూ తీసుకోని పుస్తకాల మీద దుమ్ము దులిపి, నోట్‌బుక్‌లో రాసుకుంటూ చదివాను. మా వీధిలో డిగ్రీలు చేసినవాళ్ళకి తెలియని సంగతులు నాకు కొన్ని తెలుసు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

న్యాపీల సంగతి కూడా అక్కడిదే. శిశుసంరక్షణ మీద ఒక పాత పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు లేవు, అందుకని ఎవరు రాశారో కూడా తెలియదు. అందులో గుడ్డ ఎంత కొలతకి కత్తిరించాలి, ఎన్ని పొరలు వెయ్యాలి, మూలలు ఎలా మడిచి నాడాలు ఎక్కడ కుట్టాలి అన్నీ బొమ్మలు వేసి చూపించారు. కుట్టాక మరిగించాలి, ఎండలో ఆరెయ్యాలి, ఇస్త్రీ చెయ్యాలి, అప్పుడే క్రిములు చస్తాయి. అన్నీ నోట్‌బుక్‌లో దించుకున్నాను.

బజారుకెళ్ళి కొత్త తెల్ల లాంగ్‌క్లాత్ తెచ్చాను. అమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి మొహం ముడుచుకుంది.

"పురిటిపిల్లకి కొత్తగుడ్డ కట్టకూడదే."

"ఎందుకు కట్టకూడదు?"

"కట్టకూడదంతే."

"అంతే అన్నది కారణం కాదమ్మా."

"మీ అమ్మమ్మ నాకు అంతే అని సెప్పింది. నేను ఇన్నాను. నువ్వూ బతికే ఉన్నావు గదా, ఇంకేటి కారణం కావాల?"

పాతగుడ్డలో ఏ క్రిములుంటాయో ఆవిడకి వివరించబోయాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మొండిగా ఇరవై నాలుగు న్యాపీలు కుట్టాను. అంచులు రెండుసార్లు మడిచి కుట్టాను, ఒక్క దారం పోగు బయటికి కనిపించదు.

అత్తయ్యగారిది ఎస్. రాయవరం. ఆవిడ ఫోన్‌లో సంగతి విని నవ్వారు. "ఈ రోజుల్లో గుడ్డలేటమ్మా? షాపులో ప్యాకెట్లున్నాయి గదా. మా పెద్దకోడలు అయ్యే వాడింది. తడిసిందా, తీసి పారేసింది." నాకు పౌరుషం వచ్చింది. పాప నడిచేదాకా ఇంట్లోకి ఒక్క ప్యాకెట్ కూడా రాదని అందరూ వింటుండగా అనేశాను. మా ఆయన నక్కపల్లి దగ్గర కంపెనీలో పనిచేస్తారు, ఆదివారం ఆదివారం వచ్చి వెళ్తారు. ఆయన "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటలో ఎంత బలం ఉంటుందో పెళ్ళైనవాళ్ళకి తెలుసు.

పాప పుట్టింది. బాలింతను చన్నీళ్ళలో చెయ్యి పెట్టనివ్వరు కాబట్టి న్యాపీలు ఉతికే పని అమ్మ మీద పడింది. నేను గదిలో మంచం మీద కూర్చుని నోట్‌బుక్ చూసి చెప్పేదాన్ని. మరిగించు, రెండుసార్లు జాడించు, నీడలో కాదు ఎండలో వెయ్యి, ఇస్త్రీ చెయ్యి. అమ్మ "సరే" అనేది. మా అమ్మ సరే అన్నప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. మా చర్చిలో నెలనెలా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికే బాధ్యత ఆవిడది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడే ఉతుకుతోంది. నీలిమందు, పల్చటి గంజి, బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఆ గుడ్డ మడతలు బల్ల చివర కాగితం మడిచినట్టు నిలబడేవి. పాస్టర్లు మారారు, చర్చికి కొత్త రేకులు వేశారు, ఆ గుడ్డ ఉతికే చెయ్యి మాత్రం మారలేదు. ఆదివారం ముందు వరసలో కూర్చుని ఆవిడ ప్రసంగం వింటుందో ఆ మడతల్నే చూసుకుంటుందో నేను చెప్పలేను.

న్యాపీలు చక్కగా మడతపెట్టి, దొంతరగా నా మంచం పక్కకి వచ్చేవి. తెల్లగా, కొంచెం నీలంగా మెరిసేవి. పక్కింటావిడ చూడ్డానికి వచ్చి, "మీ మనవరాలి గుడ్డలు పెళ్ళికూతురి బట్టల్లా ఉన్నాయమ్మా" అంటే అమ్మ మొహం వెలిగిపోయింది. కొంచెం బిరుసుగా ఉన్నాయని నాకూ తెలిసింది. ఇస్త్రీ చెయ్యమన్నది నేనే కదా, ఇస్త్రీ చేసిన గుడ్డ బిరుసుగానే ఉంటుంది అనుకున్నాను.

మూడు వారాలు దాటాక పాప తొడల సందుల్లో ఎర్రగా పొక్కింది. నాలుగు రోజుల్లో అది ఒరుసుకుపోయి పచ్చిగా తయారైంది. న్యాపీ కట్టడానికి కాళ్ళు ఎత్తగానే కేర్‌మని ఏడ్చేది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక ఇంట్లో అందరూ డాక్టర్లే. వంకాయ తిన్నావు, అందుకే అంది పక్కింటావిడ. నాకు వంకాయ పెట్టింది ఎవరు? అమ్మే. దిష్టి అంది అమ్మ. మా చర్చివాళ్ళకి దిష్టి ఏమిటమ్మా అంటే, "దిష్టికి సర్సీ గుడీ తెలుత్తాదేటే?" అంది. సబ్బు పడలేదేమో అని సబ్బు మాన్పించాను. ఏజెన్సీ కొండల నుంచి కుంకుడుకాయలు తెచ్చే ఆమె దగ్గర బుట్టెడు కొనిపించి, కొట్టించి, ఆ రసంతో ఉతికించాను. తగ్గలేదు. పౌడరు మానేశాను. తగ్గలేదు. పిల్లల డాక్టరు చూసి, గుడ్డ ఒరుసుకుంటోంది, గాలి తగలనివ్వండి, మెత్తటిది వాడండి అన్నారు. ఇంతకన్నా మెత్తటిది ఎక్కడ తేవాలి? ఇరవై నాలుగూ నా చేత్తో కుట్టి, మరిగించి మెత్తగా చేసినవే కదా!

మళ్ళీ ఆదివారం పాపను చర్చిలో ప్రతిష్ఠ చెయ్యాలి. అంటే పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని, అందరి ముందూ ప్రార్థన చేసి దేవుడికి అప్పగిస్తారు. అత్తయ్యగారు వస్తారు. ఫోన్‌లో ముందే చెప్పేశారు. "నేను ప్యాకెట్ పట్టుకొత్తాను. ఆ రోజు దానికి నేనే కడతాను. పుస్తకాలు సదివితే పిల్లలు పెరుగుతారేటమ్మా?"

నాకు రోషం కన్నా భయం ఎక్కువైంది. ఆవిడ మాటే నిజమేమో. నా పంతం కోసం పాప చర్మం ఊడిపోతోందేమో. ఆదివారం లోపల కారణం దొరక్కపోతే న్యాపీలన్నీ మూటకట్టి అటక మీద పడేద్దామని నాలో నేనే నిర్ణయించుకున్నాను.

గురువారం ఉదయం పాప తడిపిన న్యాపీ విప్పుతుంటే తడి పైపైనే నిలబడి ఉన్నట్టు అనిపించింది. గుడ్డ పీల్చుకోలేదు. వేళ్ళ మధ్య రాసి చూశాను. జిగురు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మూత్రం వాసన కింద ఇంకో వాసన, పులిసిన వాసన. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన వాసనే. ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు మా పెరట్లో వచ్చే వాసన.

బాలింతనని కూడా చూసుకోకుండా పెరట్లోకి పరిగెత్తాను. అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ముందు పెద్ద బేసిన్. అందులో చర్చి బల్లగుడ్డ. దానితోపాటు ఆరు న్యాపీలు. నీళ్ళు పాలనీళ్ళలా తెల్లగా ఉన్నాయి.

"అమ్మా! గంజి పెడుతున్నావా?"

"ఏటే, సన్నీళ్ళ దగ్గరికి వచ్చేత్తన్నావు? లోపలికి ఎల్లు!"

"పాప గుడ్డలకి గంజి పెడుతున్నావా అని అడుగుతున్నాను."

"పల్సగానే ఎట్టాను. అన్నం వార్సిందే."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచేటి, మొదట్నుంచీ. కొత్త తెల్లగుడ్డ గంజెట్టకుండా దండెం మీద ఏత్తే వచ్చేపోయేవోళ్ళు ఏటనుకుంటారు? సాతకానిది ఉతికింది అనుకోరా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? మరిగించు అన్నావు, మరిగించాను. రెండుసార్లు జాడించు అన్నావు, జాడించాను. గంజి ఎట్టద్దని నీ బుక్కులో నేదు గదా!"

లేదు. అదే నా కడుపుమంట. ఆ పుస్తకం మొత్తం తిరగేసినా గంజి మాట ఎక్కడా లేదు. రాసినవాళ్ళెవరో గానీ, పసిపిల్ల గోచీకి గంజి పెట్టే మనిషి ఈ భూమ్మీద ఒకరుంటారని వాళ్ళకి తట్టి ఉండదు. వాళ్ళకి మా అమ్మ తెలియదు.

నేను అరిచాను. చాలా అరిచాను. పాప ఒళ్ళంతా పుండు చేశావన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ బేసిన్‌లోంచి న్యాపీలు ఒక్కొక్కటీ తీసి పక్కన పడేసింది. కళ్ళు తుడుచుకోలేదు, చేతులకి గంజి ఉంది కాబట్టి.

"పాతగుడ్డకి ఎవులైనా గంజెడతారేటే?" అంది చివరికి. "పాతగుడ్డ కట్టమని నెత్తీనోరూ కొట్టుకున్నాను. కొత్తది తెచ్చింది నువ్వు. దాన్ని సూత్తే నా సెయ్యి ఆగదు. నేనేటి సేసేది?"

పక్కన పడ్డ ఆరు న్యాపీలూ ఏరుకుని లోపలికి వచ్చేశాను.

ఆ రోజంతా న్యాపీలన్నీ వేడినీళ్ళలో నానబెట్టి గంజి వదలగొట్టించాను. వదలగొట్టింది మళ్ళీ అమ్మే, నన్ను నీళ్ళ దగ్గరికి రానివ్వదు కదా. కానీ ఆవిడ చెయ్యి ఆగదని ఆవిడే చెప్పింది. రేపు మళ్ళీ దండెం దగ్గర నిలబడి, పక్కింటి వైపు చూసి, గంజి గిన్నె కోసం వెళ్తే? మంచం మీద కూర్చుని నేను కాపలా కాయలేను. ఆలోచించి నాన్న పాత లుంగీలు రెండు అడిగాను. ఉతికి ఉతికి దూదిలా అయిపోయినవి. నాన్న ఒకటి ఇచ్చారు, రెండోది కట్టుకుని ఉన్నారు, సాయంత్రం అదీ ఇచ్చారు. వాటిని ముక్కలు చేసి ప్రతి న్యాపీకీ లోపలి వైపు ఒక పొర కుట్టాను. నీలం గళ్ళు, ఆకుపచ్చ గళ్ళు. పాపకి మెత్తగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, ఆ గళ్ళు చూస్తే అది పాతగుడ్డ అని అమ్మ చేతికి తెలుస్తుంది. అమ్మ ఒకటి అందుకుని తిప్పి చూసి, "ఇప్పుడు గోసీలాగుంది" అంది. దాన్ని దొంతర మీద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారానికి ఎరుపు చాలావరకు తగ్గింది. పక్కల్లో రెండు మచ్చలు మిగిలాయి. చర్చికి వెళ్ళాం. ముందు బల్ల మీద గుడ్డ ఎప్పటిలాగే కత్తిలా మడతలతో ఉంది. పాస్టరుగారి చేతుల్లో పాప ఏడవలేదు. నేను ప్రార్థనలో సగం పాప కాళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆరాధన అయ్యాక వరండాలో అత్తయ్యగారు సంచిలోంచి ప్యాకెట్ తీశారు. "ఇలా ఇయ్యమ్మా" అని పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని న్యాపీ విప్పారు. ఆవిడ మచ్చల్ని వేలితో తాకి చూశారు. పాప కాళ్ళు ఆడించింది, ఏడవలేదు. ఆవిడ మచ్చల్ని వదిలేసి, గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని అమ్మ వైపు తిరిగారు.

"ఇదేటి వదినగారూ, ఇలగ ముడతలడిపోయి ఉండాది? లుంగీ ముక్కలా ఇయ్యి? సర్సి బల్లగుడ్డ అలగ ఉతుకుతారు, మనవరాలి గుడ్డలు ఇలగా?"

చుట్టూ నలుగురు ఆడవాళ్ళున్నారు. అందరూ ఆ ముడతల్నే చూస్తున్నారు. అమ్మకి జీవితంలో ఇంతకన్నా పెద్ద అవమానం లేదని నాకు తెలుసు. ఒక్క మాట చాలు, నా కూతురి పిచ్చి వదినా అంటే అయిపోతుంది. నేను దానికి సిద్ధంగానే ఉన్నాను.

అమ్మ గుడ్డ అందుకుని, మడత సరిచేసి, పాప కింద పెట్టింది.

"పిల్లల గుడ్డలకి గంజెట్టకూడదు వదినా," అంది. "ఒరుసుకుపోద్ది. నోపల పాతగుడ్డ ఎయ్యాల. లైబ్రరీ బుక్కులో ఉండాది. మా అమ్మాయి సదివింది."

ఏ పుస్తకంలోనూ లేదు! నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూడకుండానే నాడా ముడి వేసి, "బేగి కట్టు, సలిగాలి తగుల్తాది" అని రెండో నాడా నా చేతికిచ్చింది. కట్టాను. అత్తయ్యగారు ప్యాకెట్ సంచిలో పెట్టేసుకున్నారు.

ఆ మాట ఇప్పుడు మా వీధంతా తిరుగుతోంది. ఎవరింట్లో పురుడైనా అమ్మ వెళ్ళి, గంజి పెట్టకూడదని బుక్కులో ఉందని చెప్పి వస్తుంది. మొన్న లైబ్రరీలో ఒక కడుపుతో ఉన్న అమ్మాయి నన్ను ఆపి, ఏ పుస్తకమండీ అది, నాకూ చూపించరా అని అడిగింది. గృహవిజ్ఞానం బీరువా ముందు నిలబడి, ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక, అట్ట లేని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు వెతికినట్టు నటించాను.