పొయ్యికి సెలవు

బొగ్గుగని క్వార్టర్లో మా వంటింటి పొయ్యిని ఇటుకలతో కట్టారు. దానిమీదుగా గోడవెంట పొగ్గొట్టం ఉండేది. ఇటుకల అతుకులు పగిలి, పైకి పోవలసిన బొగ్గుపొగ ఇంట్లోకే వచ్చేది. అవ్వకు ఉబ్బసం. ఆ చలికాలం ఆమె పడుకోవడమే మానేసి, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది.

శనివారం షిఫ్టు దిగి వచ్చాక బాపు పుట్టమన్నులో ఊక, పేడ కలిపి తొక్కి పగుళ్ళలో కూరేవాడు. మేం క్రైస్తవులం, ఆదివారం మట్టిపని మా ఇంట్లో నిషిద్ధం. వంట మాత్రం పనికింద లెక్క కాదు. పొద్దున్నే గుడికి పోయేవాళ్ళందరికీ వేడినీళ్ళు కాగాలి, ఆరాధన అయ్యాక కూర ఉడకాలి. పచ్చిమట్టి సెగ తగలగానే మళ్ళీ నోరు తెరిచేది. మళ్ళీ శనివారం, మళ్ళీ మట్టి. అవ్వ స్వస్థత కోసం రోజూ ప్రార్థించేవాళ్ళం. అడిగి అడిగి మా గొంతులు కూడా అలసిపోయాయి.

పక్క క్వార్టర్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఒక శనివారం, మేం చిన్నమ్మ అని పిలిచే ఆ ఇంటావిడ పెరుగు తోడుకని వచ్చి, బాపు చేతులు చూసి నవ్వింది.

"గిదేంది అన్నా, వారం వారం పొయ్యికి గోరింటాకు పెడ్తున్నవా?"

"ఏం జెయ్యాలె చెల్లె, నిలుస్తలేదు."

"ఎట్ల నిలుస్తది? జర ఆరనియ్యకుంటనే మంట పెడ్తిరి. ఆదివారం ఎడ్లకు గూడ సెలవియ్యాలంటరు గదా మీరు, గీ పొయ్యి ఏం పాపం జేసింది?"

అవ్వ దగ్గుతూనే నవ్వింది. బాపు నవ్వలేదు. పశువుకైనా విశ్రాంతి ఇమ్మన్న ఆజ్ఞను మాచేత కంఠస్థం చేయించింది ఆయనే.

"రేపు పొయ్యి ముట్టియ్యద్దు" అన్నాడు.

"గీ చలిల సన్నీళ్ళు పోసుకొని గుడికి పోవాల్నా?" అంది అవ్వ.

"పోదాం. దేవుడు నీళ్ళు ముట్టి చూస్తడా?"

ఆదివారం వణుకుతూ స్నానాలు చేశాం. చద్దన్నంలో పచ్చిపులుసు పోసుకున్నాం. రాత్రికి చిన్నమ్మ రొట్టెలు పంపింది. సోమవారం ఒళ్ళంతా మసితో వచ్చిన బాపు మట్టిని గోటితో గీకి చూశాడు. ఇంకా మెత్తగా ఉంది. చన్నీళ్ళ బకెట్ ఎత్తుకుని పెరట్లోకి పోయాడు.

మంగళవారం పొయ్యి ముట్టించాం. పొగ కాసేపు తటపటాయించి గొట్టంలోకి ఎక్కింది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు పిలవబోతే, అవ్వ చాపమీద వీపు ఆన్చి నిద్రపోతోంది. ప్రార్థనవేళ ఎవరినీ కునుకు తీయనివ్వని బాపు, లేపొద్దని సైగ చేశాడు. పాట మానేసి, పెదవులు మాత్రం కదిలించాడు. ఆమెన్ దాకా రాకముందే ఆయనా గోడకు ఒరిగి నిద్రలోకి జారుకున్నాడు.