కుడితి అనుకుని పోసిన అన్నం

మధురానగర్ వెనక గల్లీలో మాకొక రేకుల షెడ్డు ఉంది. అందులో రెండు దున్నపోతులు. మాంసానికే పెంచుతాం, దాచేదేముంది? ఉన్నన్నాళ్ళు కడుపునిండా తినాలి, అంతే.

చలికాలమే వాటికి కష్టం. గల్లీ చివర ఇల్లు కట్టని ప్లాటులో మేపుకోమని దాని యజమాని చెప్పాడు. వానల్లో అక్కడ మోకాలెత్తు పచ్చిక. చలి ముదిరేసరికి అదే గడ్డి చీపురుపుల్లల్లా ఎండిపోతుంది. పొద్దంతా మేసినా ఒంటికి పట్టదు. కిందటేడు చిన్నదాని పక్కటెముకలు బయటికి తేలాయి. చూస్తుంటే నాకు అన్నం సయించలేదు.

పక్క హాస్టల్లో వంట చేసే ఆమెది గోదావరి వైపు. నా అవస్థ చూసి, "బాబాయ్ గారూ, రోజూ బోలెడన్నం మిగిలిపోతోంది. పారెయ్యడానికి చేతులు రావట్లేదు. మీ దున్నలకి పట్టుకెళ్ళండి" అంది.

నా చిన్నప్పుడు ఇంటి ముందు కుడితి తొట్టి ఉండేది. వంటింట్లో మిగిలిందంతా అందులో పోస్తే పశువులు తాగేవి. ఇదీ అదే కదా అనుకున్నాను. చిన్నదానికి ఒక బకెట్ పోశాను. చిటికెలో నాకేసింది. మురిసిపోయి రెండోదీ పోశాను.

తెల్లారి చూస్తే ఎడమ డొక్క డోలులా ఉబ్బి ఉంది. నెమరు లేదు. గడ్డి ముట్టలేదు. ఇక పోతుందనే అనుకున్నాను.

మా ఇంటామె ఊరుకోలేదు. "కుడితంటే గంజినీళ్ళు. మీ అమ్మ తొట్టిల గంపెడన్నం ఎన్నడన్న పోసిందా?"

వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను.

పంజాగుట్ట నుంచి పశువుల డాక్టరు బండి మీద వచ్చి, గొట్టం వేసి మందు తాగించాడు. "పెద్దాయనా, ఎండుగడ్డిని అరిగించేటి పురుగులు దాని పొట్టలనే ఉంటయి, కంటికి కనపడవు. గింత అన్నం పోస్తే గవి సస్తయి. తేరుకున్నంక జర పత్తి చెక్క, నూనె తీసిన గింజల పిప్పి, పెట్టు. గా పురుగులకు బలమొస్తే గడ్డి అదే అరుగుతది" అన్నాడు.

ఏం పెట్టాలో కాగితం మీద రాసి, "ఎవరితోనన్న సదివిచ్చుకో" అన్నాడు.

"నేనే చదువుతా" అన్నాను. అరవై దాటాక అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నిలబడి కూడబలుక్కున్న అక్షరాలు నావి. డాక్టరు ముందే చదివాను. అన్నం బంద్. గడ్డి, నీళ్ళు, ఉప్పు. నెమరు వేశాక పొద్దున అర కిలో చెక్క, సాయంత్రం అర కిలో.

రెండు రోజులు షెడ్డు వదల్లేదు. మూడో రోజు పొద్దున దవడలు కదిలాయి. నెమరు! మా ఇంటామెను కేక వేసి పిలిచాను.

ఆ సాయంత్రమే వంటామె బకెట్‌తో వచ్చింది. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకుంది. "ఏంటండీ, మా అన్నం పనికిరాదా?"

"అన్నం మంచిదే బిడ్డా, పోసినాయనకే అకల్ లేదు, తెలివి లేదు" అంది మా ఇంటామె. ముగ్గురం నవ్వుకున్నాం. అప్పటి నుంచి వంటామె అన్నానికి బదులు గోబీ ఆకులు తెచ్చి ఇస్తోంది.

నెల తిరిగేసరికి ఎముకలు కప్పుకున్నాయి. ప్లాటులో గడ్డి మారలేదు, అవే చీపురుపుల్లలు. ఇప్పుడు చిన్నది వాటిని మొదళ్ళ దాకా కొరికేసి, చెక్క కోసం నా సంచి వైపు చూస్తుంది. డాక్టరు కాగితం షెడ్డు తలుపుకు అంటించాను. అందులో ఉన్నదంతా నాకు నోటికి వచ్చు. అయినా చెక్క కొలిచే ముందు రోజూ ఒకసారి చదువుతాను.