పసుపు రాయని కార్డు

వడమాలపేటలో టైలరు పంకజాక్షి ఇల్లు ఎక్కడని అడిగితే జనం కాస్త ఆలోచించేవారు. రేటు పంకజాక్షి ఇల్లంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు చూపించేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. లాడ్జిలో బోర్డు మీద రాసిన రేటు ఇచ్చి పడుకున్నవాళ్లంటే ఆమెకు జాలి. బోర్డు రేటు తెలియనివాళ్ల కోసమనీ, తెలిసినవాళ్ల రేటు ఇంకొకటి ఎక్కడో దాగి ఉంటుందనీ ఆమె గట్టి నమ్మకం. దాన్ని వెతికి పట్టుకున్న రోజు ఆమె కాలు నేల మీద నిలిచేది కాదు.

చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ చేతిరాత ముత్యాలకోవ. రవికలు కుట్టించుకోను వచ్చిన ఆడవాళ్లకు కొలతలు తీసుకుంటూ, మొన్న తిరుపతికి పోయినప్పుడు ఎక్కడ దిగారు, ఎంత ఇచ్చారు, ఎవరి పేరు చెప్పారు అని కూపీ లాగేది. వానాకాలంలో ఎవరు తగ్గిస్తారు, మంగళవారం ఎవరు తగ్గిస్తారు, పరీక్ష పేపర్లు దిద్దను వచ్చే బడిపంతుళ్లకు ఎవరు ఎంతకిస్తారు, అన్నీ కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఎక్కేవి. తెలియనివి లాడ్జీలకే కార్డు రాసి అడిగేది. ముందు పేజీల్లో చేతుల పొడవు, వెనక పేజీల్లో లాడ్జీల లోతు. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆమె లాడ్జిలో పడుకున్నది రెండే రెండు రాత్రులు. మిగతాదంతా వీధివాళ్ల కోసం పడిన పాటు. అయినా ఎవరైనా తిరిగివచ్చి, నువ్వు చెప్పినట్టే ఇచ్చినారమ్మా అంటే చాలు, ఆ పూట మిషను రెండింతల వేగంతో పరిగెత్తేది.

అత్త నాగులమ్మకు ఇదంతా గిట్టేది కాదు. ఆమెకు అక్షరం ముక్క రాదు, ఉత్తరాలంటే నమ్మకమూ లేదు. లాడ్జివాళ్లు నీకు మేనమామలా, అడగ్గానే తగ్గించేదానికి అని దెప్పేది. కార్డు ముక్కల మీద పెట్టే డబ్బుతో పెసలు కొనుంటే ఇల్లంతా వారం తినుండునని లెక్క చెప్పేది. పంకజాక్షి నవ్వి ఊరుకునేది. ఎప్పటికైనా అత్త చేత ఔననిపించాలని మాత్రం లోపల గట్టిగా ఉండేది.

1979లో ఆ అవకాశం నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. ఆడబిడ్డ మునిలక్ష్మికి చిత్తూరు సంబంధం కుదిరింది. మొక్కు ఉంది కాబట్టి పెళ్లి కొండమీదే. తాంబూలాలనాడు పెళ్లికొడుకు తండ్రి గోవిందస్వామి ఒకటే కోరాడు. తమవాళ్లు పద్దెనిమిది మంది వస్తారు, ముసలీ ముతకా ఉన్నారు, ముందురోజు రాత్రి తిరుపతిలో వాళ్లను ఏ వరండాలోనో పడుకోబెట్టవద్దు. పంకజాక్షి మొగుడు ధనంజయ నోరు తెరిచేలోపు, ఆరు గదులు, ప్రతి గదికీ ఫ్యాను అని ఆమె మాట ఇచ్చేసింది. రైసుమిల్లులో పనిచేసే ధనంజయ ముఖం పాలిపోయింది. గదుల కోసమని వాళ్లు తీసిపెట్టుకున్నది అరవై రూపాయలు.

ఆమె ధైర్యం వెనక ఒక బజ్జీల పొట్లం ఉంది. ఆ పొట్లం కాగితంలో కమలనాథ లాడ్జివాళ్ల ప్రకటన పడింది. ముందుగా ఉత్తరం రాసిన పెళ్లివారికి ఒక నంబరు పంపబడును, ఆ నంబరు గల కార్డు తెచ్చి చూపినవారికి పదిహేను రూపాయల గది తొమ్మిదికే ఇవ్వబడును. నూనె మరకల మధ్య ఆ నాలుగు వరుసలు చదివి పంకజాక్షి వేళ్ల మీద లెక్క కట్టింది. తొమ్మిదారులు యాభైనాలుగు. ఇంకా ఆరు రూపాయలు మిగులు! ఆ రాత్రే కార్డు రాసింది, నాలుగు మూలలా పసుపు అద్దింది, పొద్దున్నే డబ్బాలో వేసి, పడిందో లేదో అని డబ్బాను ఒకసారి తట్టి చూసింది.

అప్పటినుంచి పోస్టుమాన్ సుబ్బన్న సైకిలు గంట వినబడితే చాలు, రవిక సగంలో వదిలి వీధిలోకి పరుగు. చుట్టాల కార్డులు వచ్చాయి, అన్నిటికీ మూలల్లో పసుపు. లాడ్జి కార్డు మాత్రం రాలేదు. ఒక శనివారం పంకజాక్షి గుండీలు కొనడానికి పుత్తూరు పోయింది. తిరిగివచ్చి టపా ఏమైనా వచ్చిందా అని అత్తను అడిగితే, ఏమీ రాలేదంది. ఆ మాట అన్నప్పుడు అత్త ముఖం తిప్పుకోవడం ఆమె చూసింది, పట్టించుకోలేదు.

ఆ శనివారం నుంచే నాగులమ్మ మారిపోయింది. తిట్లు ఆగిపోయాయి. కార్వేటినగరంలో ఆమె అన్న కుప్పయ్య మూడు నెలలుగా మంచంలో ఉన్నాడు. అంతకుముందు ప్రతి దినమూ, ఎవరైనా పోయి మా అన్నను చూసి రండి అని ప్రాణం తీసేది. ఇప్పుడు ఆ ఊరి పేరే ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేది. కూతురు వెళ్లిపోతుందన్న దిగులు కాబోలని పంకజాక్షి అనుకుంది.

పెళ్లి ముందురోజు పొద్దున పంకజాక్షి, ధనంజయ, నాగులమ్మ మొదటి బస్సుకే తిరుపతి చేరారు. పెళ్లికూతురు తక్కిన చుట్టాలతో సాయంకాలం వస్తుంది. గోవిందస్వామివాళ్ల బస్సు పన్నెండుకు. కార్డు రాకపోతేనేం, లాడ్జివాళ్ల పుస్తకంలో పేరుంటుంది కదా అని పంకజాక్షి దారి పొడుగునా మొగుడికి ధైర్యం చెప్పింది. నిజానికి అది తనకు తాను చెప్పుకున్నది.

పెళ్లిళ్ల రోజులు. కమలనాథ లాడ్జి వరండాలో ట్రంకుపెట్టెలు, పందిరి మల్లెల బుట్టలు, ఏడ్చే పిల్లలు. గుమాస్తా దేవరాజులు పుస్తకం తిరగేసి, వడమాలపేట పంకజాక్షి, ఆరు గదులు అని చదివినప్పుడు ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత అతను చెయ్యి చాచాడు. కార్డు ఇమ్మన్నాడు.

కార్డు అందలేదని చెప్పింది. అతను నమ్మలేదు. పోయిన వారం బేస్తవారంనాడు తన చేత్తోనే డబ్బాలో వేశానన్నాడు. పోయిన నెలలో ఎవరో ఇంకొకరి పేరు చెప్పి గదులు ఎత్తుకుపోతే, నిజమైన పెళ్లివాళ్లు వచ్చి నానా గొడవ చేశారట. అప్పటినుంచి కార్డు చూడందే తాళంచెవి ఇవ్వవద్దని లాడ్జి సొంతదారు, ముదలాళి, గట్టిగా చెప్పాడట. కార్డు లేకపోతే రెండు గదులే ఉన్నాయి, అవీ పదిహేను రేటుకు.

“పేరు ఎవురైనా సెప్పొచ్చు మా,” అన్నాడు దేవరాజులు. “కార్డు వచ్చిందే నిజమైతే అది మీ దగ్గిరే ఉండాల గదా.”

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పంకజాక్షి బజ్జీల పొట్లం కాగితం తీసి చూపింది. తన చేతిరాత చూడమని, తాను రాసిన ఉత్తరంతో పోల్చుకోమని కలం అడిగింది. వెనకాల ఇంకో పెళ్లివాళ్లు జరగమ్మా జరుగు అని నెడుతున్నారు. పద్దెనిమిది మంది దిగుతారు. ముసలీ ముతకా. రేపు ఆ ఇంట్లో మునిలక్ష్మి తల ఎత్తుకుని ఎట్లా తిరుగుతుంది? ఇన్నాళ్లు వీధి వీధికీ రేట్లు చెప్పిన నోరు సొంత ఇంటి పెళ్లికి ఇట్లా ఎండిపోతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతవరకు మూటమీద కూర్చున్న నాగులమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

“నాయనా, మీరు పంపిన కార్డుకి పసుపు రాసినారా?”

దేవరాజులు విసుక్కున్నాడు. “లాడ్జి కార్డుకి పసుపేంది మా? మూడు ముక్కలు రాస్తాం, పంపిస్తాం.”

“మూడే వరసలా? నల్లసిరాతోనా?”

ఔనన్నాడు. నాగులమ్మ కొంగుముడి విప్పింది. అందులో చింపిన కార్డు ముక్కలు, నాలుగు. బల్ల మీద పోసింది.

పంకజాక్షి గబగబా వాటిని గుడ్డముక్కలు జోడించినట్టు జోడించింది. తమరి ఉత్తరం చేరినది. గదులు ఆరు, నంబరు ఇరవయ్యేడు. ఈ కార్డు తప్పక తేవలెను. ఎవరు చింపారో అర్థమై కోపం నషాళానికి ఎక్కింది. తిట్టబోయి తల ఎత్తింది, అత్త ముఖం చూసి మానుకుంది.

“మా అన్న పోయినాడనుకొన్యా పంకజా,” అంది నాగులమ్మ. “పెండ్లింటికి పసుపు లేని కార్డు ఇంకేం వస్తాది? సుబ్బన్న సదవబోతే వద్దంటిని. వింటే మైల, పెండ్లి నిలిసిపోతాది. సించేస్తిని. పారేద్దామంటే సెయ్యి రాలే. మా అన్న కడసారి కబురు గదా.”

చావుకార్డు ఇంట్లో ఉంచకూడదని ఆ ముసలమ్మకు తెలియక కాదు. ఆరు దినాలుగా దాన్ని కొంగున కట్టుకుని, పసుపు దంచింది, అరిసెలు వత్తింది, కూతురికి నలుగు పెట్టింది. ఏడుపు ఒకరి కంట పడనీయలేదు. తలచుకుంటే పంకజాక్షికి గుండె చెరువైంది. నంబరు సంగతి, గదుల సంగతి ఒక్క క్షణం మరిచిపోయింది.

“కుప్పయ్య మామ బాగుండాడత్తా. ఇది లాడ్జి కార్డు. మామ బతికే ఉండాడు,” అంది అత్త చేతులు పట్టుకుని.

నాగులమ్మ అక్కడే, అంతమంది ముందర, పొంగి పొంగి ఏడ్చింది. దేవరాజులు తల వంచుకుని ముక్కల మీది నంబరు పుస్తకంలోని నంబరుతో సరిచూశాడు. ముదలాళి కార్డు చూడమన్నాడే గానీ అతుకులు లేని కార్డు చూడమనలేదు అంటూ ఆరు తాళంచెవులు బల్ల మీద పెట్టాడు. గదికి తొమ్మిది.

పన్నెండింటికి గోవిందస్వామివాళ్లు దిగేసరికి ఆరు గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నాగులమ్మ అప్పటికి నాలుగు ఇడ్లీలు తిని, నీళ్ల బిందె అడ్డంగా పెట్టావని కోడల్ని తిట్టడం మొదలుపెట్టింది. పంకజాక్షికి ఆ తిట్లు సన్నాయిమేళంలా వినిపించాయి. వచ్చిన ఆడవాళ్లందరికీ నాగులమ్మ తనే చెప్పుకుంది: “బోర్డు మీద పదైదు. మా కోడలు తొమ్మిదికి తెచ్చింది.”

చచ్చాడన్న వార్త పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు. కుప్పయ్య మంచం దిగి ఇంకో ఐదేళ్లు తిరిగాడు. పంకజాక్షి ఆ తర్వాత వీధివాళ్ల పెళ్లిళ్లకు కమలనాథ లాడ్జికి ఎన్ని కార్డులు రాసిందో లెక్కలేదు. ప్రతి కార్డు అడుగునా ఒక వరస మాత్రం తప్పకుండా ఉండేది: జవాబు కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి పంపవలెను. దేవరాజులు సొరుగులో తాళంచెవుల పక్కన చిన్న పసుపు పొట్లం పెట్టుకున్నాడు.