నేను పెట్టని మూడో సంతకం

ఇద్దరు సంతకాలు పెట్టేసిన కాగితం మీద మూడో సంతకం పెట్టనని భీష్మించి, నోటరీ గారి ఆఫీసులోంచి మీసం మెలేసుకుంటూ బయటికొచ్చిన మొనగాణ్ణి నేను. మా రోజ్ హిల్ ఊరి వ్యాపారుల్లో అంత తెలివైన పని అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు. తర్వాత కూడా చెయ్యలేదు. నాకైంది చూశారు కదా.

మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. నాన్న పోయాక కిరాణా కొట్టు నా చేతికొచ్చింది. బస్తాల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరైనా ధర చెబితే సగానికి అడక్కుండా ఉండలేను. డాక్టరు మూడు పూటలా మాత్రలు వేసుకోమంటే రెండు పూటలకి బేరమాడాను.

ఆ ఏడు నలభై బస్తాల కందిపప్పు తెప్పించాను. పోర్ట్ లూయిస్‌లో ఓడ దిగాక రెండు వారాలు రేవు దగ్గర ఒక గిడ్డంగిలో ఉంది. అక్కడినుంచి మా అక్క భర్త, మా బావ, తన లారీలో తెచ్చి కొట్టు ముందు దించాడు. బస్తాలు విప్పితే లోపలంతా చెమ్మ. మూడో రోజుకి బూజు పట్టింది.

"మా దగ్గర్నుంచి పొడిగానే వెళ్లింది, దారిలో తడిసుంటుంది" అన్నాడు గిడ్డంగి యజమాని.

"ఎక్కించేటప్పుడే తడి తగిలింది, నేను టార్పాలిన్ కప్పే తెచ్చాను" అన్నాడు బావ.

గిడ్డంగితో నాకొక ఒప్పందం, లారీతో ఇంకొకటి. బావ అయినా కాగితం ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేనే. తగువొస్తే కోర్టుకి పోకుండా మధ్యవర్తి తేల్చాలని రెండింట్లోనూ రాసుంది. కాకపోతే ఒక్కో దాంట్లో ఒక్కో మధ్యవర్తి.

ముగ్గురం నోటరీ గారి దగ్గరికి వెళ్లాం. ముసలాయన కళ్లజోడు తుడుచుకుంటూ విడమర్చి చెప్పాడు.

"మధ్యవర్తికి అధికారం ఇచ్చేది సంతకాలు పెట్టినవాళ్లే. గిడ్డంగి కాగితం మీద లారీ ఆయన సంతకం లేదు, లారీ కాగితం మీద గిడ్డంగి ఆయనది లేదు. రెండు తగువులూ ఒకే మధ్యవర్తి ముందు కలిపి వినాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఎవరి విచారణ వాళ్లదే. ఒక గదిలో తేలిన తీర్పుకి రెండో గది కట్టుబడక్కర్లేదు."

కలిపి వినడానికి ఒప్పుకునే కాగితం మీద గిడ్డంగి ఆయన సంతకం పెట్టాడు. బావ పెట్టాడు. పెట్టి నావైపు తిరిగాడు.

"బామ్మర్దీ, రేవులో వ్యాపారులు నా మాట మీదే సరుకు ఎక్కిస్తారు. ఆ మాట పోతే నా లారీకి పనుండదు. గిడ్డంగి వాళ్లూ నేనూ ఎదురెదురుగా, ఒక్కసారి చెప్పుకోనియ్యి."

నేను అప్పటికే లెక్క కట్టేశాను. విడివిడిగా అయితే గిడ్డంగి ఆయన దగ్గర పూర్తి ఖరీదు అడగొచ్చు, బావ దగ్గరా పూర్తి ఖరీదు అడగొచ్చు. బూజు పట్టిన పప్పుని రెండుసార్లు అమ్మే బేరం ఏ కొట్టువాడికి దొరుకుతుంది? కలం కింద పెట్టేశాను.

అక్క సాయంత్రం కొట్టుకొచ్చింది. "ఒరే, పప్పు ఒకటే కదరా? రెండు చోట్ల ఎలా తడిసింది?"

"నీకు చట్టం తెలీదక్కా."

"చట్టం తెలీదు. పప్పు తెలుసు."

మొదటి విచారణ పోర్ట్ లూయిస్‌లో, గిడ్డంగి మీద. నా సాక్షిగా బావనే పిలిచాను. బావ లేచి, ఎక్కించేటప్పుడే తడిగా ఉందని చెప్పాడు. గిడ్డంగి గుమస్తా గేటు రిజిస్టరు తెరిచాడు. 'సరుకు బాగుంది' అన్నచోట బావ సంతకం.

"ఆ సంతకం చెయ్యందే గేటు తియ్యరండీ. ఏ లారీవాణ్ణైనా పిలిచి అడగండి" అన్నాడు బావ.

"మీరు సాక్షి మాత్రమే. అడిగినదానికి చెప్పండి. సాక్షుల్ని పిలిచే హక్కు మీకు లేదు" అన్నాడు మధ్యవర్తి.

పిలిచే హక్కు నాకుంది. పిలిస్తే తడి గిడ్డంగిలోదేనని గట్టిపడుతుంది. ఆ లారీవాళ్లే రేపు బావ తరఫునా చెబుతారు, నా రెండో బేరం చెడుతుంది. ఎవర్నీ పిలవలేదు. పప్పు పొడిగానే గేటు దాటిందని తీర్పు వచ్చింది. వినడానికి వచ్చిన రేవు వ్యాపారులు బావని చూస్తూ బయటికి నడిచారు.

నెల తిరక్కుండా రెండోది, రోజ్ హిల్‌లో, బావ మీద. మధ్యవర్తి రిటైరైన బడి పంతులు. దారిలోనే తడిసిందని నేను మొదలుపెట్టగానే బావ అడిగాడు.

"పోయిన నెల ఎక్కించేటప్పుడే తడి అని చెప్పడానికి నన్ను పిలిచావే, అది అబద్ధమా?"

"అది వేరే గది మాట. ఇక్కడ చెల్లదు. ఈ మిస్యే గారు తన లారీ సంగతి చెబితే చాలు" అన్నాను.

మా ఇళ్లలో మాటంతా ఇక్కడి ఫ్రెంచి కలగలుపు భాష, క్రెయోల్. తాతలు తెచ్చిన తెలుగులో మిగిలింది దండాలు, పాటలు, అక్క, బావ. కోపమొచ్చి తిట్టుకున్నా ఆ పిలుపు మాత్రం మార్చం. మిస్యే అని ఊరూపేరూ తెలియని పెద్దమనిషిని అంటాం.

నా అభ్యంతరం సరైనదేనన్నాడు పంతులు. పొంగిపోయాను. కాసేపటికి గేటు రిజిస్టరు చూడమని నేనే అడిగాను. "అదీ వేరే గది మాటే కదండీ" అన్నాడాయన. గిడ్డంగి గుమస్తాని పిలుద్దామంటే, తన యజమాని సంతకం లేని విచారణకి రానని ముందే కబురు పంపాడు. టార్పాలిన్‌కి ఒక్క చిరుగూ లేదు. లారీ తప్పు రుజువు కాలేదని తీర్పు.

పప్పు పొడిగా బయల్దేరింది, దారిలో తడిసినట్టు రుజువు లేదు, నా కొట్టుకి మాత్రం తడిగా వచ్చింది. ఒకే గదిలో రిజిస్టరూ టార్పాలినూ పక్కపక్కన పెట్టివుంటే ఎవరో ఒకరు నాకు డబ్బు కట్టేవారు. ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

బావ రెండో తీర్పు కాగితం జేబులో పెట్టుకుని రేవంతా తిరిగాడు. "అది మీ బామ్మర్దితో మీ ఇంటి పంచాయితీలే" అన్నారు వాళ్లు. సరుకు ఎక్కించడం మానేశారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి లారీ అమ్మేసి, ఫీనిక్స్ ఊళ్లో ఒకరి దగ్గర జీతానికి బండి తోలుతున్నాడు.

జెండా ఎగరేసిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. లారీ నష్టంలో సగం ఇస్తానన్నాను. సగం! అలవాటు పోదు కదా. అక్క టీ గ్లాసు నా ముందు పెట్టి, "తాగి వెళ్లు తమ్ముడూ" అంది. బావ వాకిట్లోంచి లోపలికి రాలేదు.

ఇదీ బిల్లు. పప్పు ఖరీదు రెండు వేల నాలుగు వందల రూపాయలు. పశువుల దాణా కింద అమ్మితే వచ్చింది నాలుగు వందలు. ఓడినవాణ్ణి కాబట్టి మొదటి విచారణ ఖర్చు మూడు వందల యాభై, రెండోది మూడు వందలు, రెండూ నావే. మొత్తం నాకు పోయింది రెండు వేల ఆరు వందల యాభై. కలిపి ఒకే విచారణ అయితే నా వాటా వంద దాటదని నోటరీ గారు ఆ రోజే చెప్పారు. లారీ తొందరలో తెగనమ్మడం వల్ల ధరలో తొమ్మిది వందలు తగ్గాయి. అది కూడా నా బిల్లే. కట్టింది మాత్రం బావ.