మూడో చరణం దగ్గర

పాడకుండా పాడినట్టు కనబడటం అందరూ అనుకునేంత తేలిక కాదు. ఊరికే నోరు తెరిచి మూస్తే చూసేవాళ్ళకి చేప గుర్తొస్తుంది. గొంతు పైకి ఎక్కాల్సిన చోట మెడ కొంచెం బిగించాలి, కనుబొమలు లేవాలి, చెయ్యి దానంతటదే గాల్లోకి పోవాలి, వాక్యం అయిపోగానే ఊపిరి తీసుకోవాలి. ఈ ఊపిరి సంగతి చాలామంది మర్చిపోతారు. సామ్రాజ్యం మర్చిపోలేదు. కొన్ని నెలలుగా ప్రతి శుక్రవారం, ఒమన్‌లోని ఘాలా చర్చి కాంపౌండులో తెలుగువాళ్ళకి కేటాయించిన హాల్లో, అందరి ముందూ నిలబడి ఆమె ఈ పని చేస్తోంది. ఇంతవరకూ ఎవరూ పసిగట్టలేదనే ఆమె నమ్మకం.

సామ్రాజ్యం అల్ ఖౌద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాజోలు దగ్గరి మనిషి. సండే స్కూల్లో స్టూలెక్కించి పాడించిన రోజు నుంచి ఆమెను పేరు పెట్టి చెప్పినవాళ్ళు తక్కువ. 'ఆ పాడే అమ్మాయి' అంటేనే ఊళ్ళో అందరికీ తెలిసేది. నలభై దాటినా, ఒమన్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆ మాట మారలేదు. ఫెలోషిప్‌కి కొత్తగా వచ్చిన నర్సులకి ఆమెను చూపించేటప్పుడు ఏ వార్డులో చేస్తుందో చెప్పరు, ఎలా పాడుతుందో చెబుతారు.

మొగుడు కూడా ఆ గొంతుకి దొరికినవాడే. పాలకొల్లులో జరిగిన ప్రార్థన కూటాల్లో ఆమె పాట విని, ఎవరమ్మాయి అని వాకబు చేసి, పాస్టరు గారిని వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చాడు నోవహు. "మొహం సరిగ్గా చూడనే లేదండి, గొంతు విని చేసుకున్నాను" అని ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు. చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు, ఆమె సిగ్గుపడుతుంది. ఈ నెలల్లో కూడా ఆ మాట ఒకటి రెండుసార్లు వచ్చింది. అలవాటు ప్రకారం సిగ్గుపడింది.

పోయిన సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు థైరాయిడ్ గడ్డ తీయించుకుంది. గడ్డ పక్కనే సన్నటి నరం ఒకటి ఉందనీ, అది దెబ్బతింటే మాట పోదు గానీ పై స్థాయి పోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. ఇలాంటి మాటలు ఆమె రోజూ రోగులకి చెప్పేవే, అందుకని మామూలుగా తలూపింది. తిరిగొచ్చాక మాట బాగానే ఉంది. వార్డులో కేకలేస్తే అటెండర్లు పరిగెత్తుకొచ్చారు. మొదటి శుక్రవారం, ఆరాధన చివర ప్రతి వారం పాడే పాటలో పల్లవి కూడా నిక్షేపంగా వచ్చింది. మూడో చరణంలో పైకి వెళ్ళబోయేసరికి గొంతులోంచి గాలి వచ్చింది. ఉత్త గాలి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాటలు పెదాల మీద నడుస్తూనే ఉన్నాయి, పక్కన నిలబడి తనతో పాడే సెలిన్ గొంతు ఆ ఖాళీని కమ్మేసింది. పాట అయిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు.

ఆరోజే చెప్పేస్తే ఒక మాటతో పోయేది. వచ్చే వారానికి సర్దుకుంటుందిలే అనుకుంది. వారాలు గడిచాయి, గొంతు సర్దుకోలేదు, నటన మాత్రం బాగా సర్దుకుంది. ఏడుపు రాలేదు. రావాలి కదా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. కోత పెట్టిన చోట మెడ మీద చర్మానికి స్పర్శ లేదు. చున్నీ కింద వేలితో నొక్కుకుంటే ఎవరి మెడనో నొక్కుతున్నట్టు ఉంటుంది. లోపల కూడా అంతే. పాట లేకపోతే తను ఎవరు అన్న ప్రశ్న మాత్రం అప్పుడప్పుడూ తగిలేది. దానికి జవాబు దొరకదని భయపడే, శుక్రవారం రాగానే చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెళ్ళి మైకు ముందు నిలబడేది.

పేరుకి అది ఆరాధన బృందం. మోజెస్ గారి లెక్కలో అది రాక్ బ్యాండు. రువిలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే మోజెస్‌కి అరవై దగ్గర పడింది, నెత్తి మీద జుట్టంతా సెలవు పుచ్చుకుంది, ఎలక్ట్రిక్ గిటారు మాత్రం భుజం దిగలేదు. పాటలు రాసేదీ, బాణీ కట్టేదీ ఆయనే. బేస్ గిటారు నోవహుది. అతనికి ఉద్యోగం ఖబూరాలో, మందుల షాపులో. గురువారం సాయంత్రం భార్య ఫ్లాటుకి వచ్చి, శుక్రవారం వాయించి, శనివారం పొద్దున్నే వెళ్ళిపోతాడు. నెమ్మదైన మనిషి. మోజెస్‌కి అతని మీద ఒకటే ఫిర్యాదు.

"మూడో చరణంలో నీకేం పూనకం వస్తాదయ్యా నోవహూ? ఆ బేస్ మోతకి అద్దాలు ఊగిపోతన్నాయి. తగ్గించు."

"అలాగేనండి" అనేవాడు నోవహు. మళ్ళీ వారం అదే మోత. ఈ మనిషికి చెవులకి ఏమైనా వచ్చిందేమో అనుకునేది సామ్రాజ్యం. అనుకుని ఊరుకునేది, ఎందుకంటే ఆ మోత ఆమెకే మేలు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారు ఎయిర్‌పోర్టు దాటేసరికి అతను తప్పకుండా ఒక మాట అనేవాడు.

"ఈవేళ బాగా పాడేవు."

"ఊఁ" అనేది ఆమె.

ఇలా గడుస్తుండగా హైదరాబాదు నుంచి టీవీవాళ్ళు వస్తున్నారని తెలిసింది. గల్ఫులో తెలుగు బృందాల చేత తలా ఒక పాట పాడించి క్రిస్మస్‌కి వేస్తారట. ఆడవాళ్ళంతా చీరల రంగుల్లో పడిపోతే సామ్రాజ్యం ఒక్కతే హాయిగా ఊపిరి పీల్చుకుంది. టీవీలో పాడక్కర్లేదు. ట్రాక్ వేస్తారు, పెదాలు కదపాలి, అందరూ చేసేది అదే. ఆపరేషన్‌కి ముందు ఏడాది మోజెస్ గారు కట్టిన ఆ పాటనే ఈ బృందం రికార్డు చేసి ఉంచింది. అందులో తన గొంతు పదిలంగా ఉంది. తన పాటకి తను నోరు కదపడానికి సిగ్గెందుకు?

ప్రాక్టీసు ముగిసి చాయ్ కప్పులు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మాట కదిపింది.

"అన్నయ్యగారూ, మన రికార్డింగ్ ఉంది కదండీ. అది వేసేస్తే సరిపోద్ది."

"వీల్లేదమ్మా. లైవే. వాళ్ళూ ట్రాకైతే సులువన్నారు. నేను ససేమిరా అన్నాను."

"టీవీలో అందరూ అంతే కదండీ" అంది సెలిన్. ఆమెది కూడా సామ్రాజ్యం ఆసుపత్రే, డయాలిసిస్‌లో చేస్తుంది.

మోజెస్ కప్పు పక్కన పెట్టాడు.

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నరసాపురంలో కుర్రాళ్ళం నలుగురం బ్యాండు పెట్టేవమ్మా. ఊరికో టీవీ ఉంటే గొప్ప ఆ రోజుల్లో. హైదరాబాదు రమ్మన్నారు. గిటారు ఒళ్ళో పెట్టుకునే రైల్లో వెళ్ళేను, ఎక్కడ దెబ్బ తగుల్తాదోనని. తీరా వెళ్తే, మీ క్యాసెట్ ఇవ్వండి, అది వేస్తాం, మీరు వాయించినట్టు చెయ్యండన్నారు. నా గిటారుకి వైరు లేదు. చప్పుడు రాకుండా డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరిచారు. నవ్వండి నవ్వండి అంటాడొకడు. నవ్వేం. వాయించినట్టు చేసేం."

"అప్పట్లో పద్ధతే అది కదండీ" అంది సెలిన్.

"పద్ధతే. తప్పనటం లేదు. మా నాన్న పంచాయతీ ఆఫీసు టీవీలో చూశాడు. జన్మలో ఒక మంచి మాట అని ఎరగడు ఆయన. ఆరోజు నా భుజం మీద చెయ్యేసి, బాగా వాయించేవురా అన్నాడు. నేను వాయించలేదు నాన్నా అని చెప్పలేకపోయాను. ఊఁ అన్నాను. తర్వాత నిజంగా వాయించినప్పుడు వినడానికి ఆయన లేడు."

నోవహు బేస్ తీగలు తుడుచుకుంటూ తల ఎత్తలేదు.

"పోనీ శృతి కొంచెం తగ్గిద్దామాండి?" అంది సామ్రాజ్యం చివరి ప్రయత్నంగా.

"నువ్వా ఆ మాట అడిగేది?" మోజెస్ నవ్వేశాడు. "ఆ మూడో చరణం నీ గొంతు చూసుకునే కట్టేనమ్మా."

గుండెల్లో రాయి పడాల్సిన సమయం. ఏమీ పడలేదు. ఖాళీ కప్పులన్నీ ఏరి చెత్తబుట్టలో వేసింది.

షూటింగు కూడా శుక్రవారమే, ఆరాధన అయిపోయాక పెట్టారు. మామూలుగా హాల్లో అయితే అన్ని గొంతులూ స్పీకర్లలో కలిసి ఒకే ముద్దగా వినిపిస్తాయి, ఎవరి వాటా ఎంతో దేవుడికి తెలియాలి. టీవీవాళ్ళ సౌండు మనిషి జావెద్ అలా కాదు. మనిషికో మైకు పెట్టాడు, ఒక్కో మైకుకి విడిగా ఒక్కో లైను లాగాడు, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. సామ్రాజ్యం ఆ వైర్లు చూసింది. ఇక్కడ ఆమె మైకులో ఆమె ఒక్కతే ఉంటుంది. ముందే తట్టి ఉంటే ఒంట్లో బాగోలేదని ఇంట్లో పడుకునేది. ఇప్పుడు పౌడరు కూడా అద్దేశారు.

పాట మొదలైంది. పల్లవి బాగా వచ్చింది. రెండు చరణాలు గట్టెక్కాయి. మూడోది మొదలవగానే నోవహు బేస్ మోగింది, ఆమె మెడ బిగించింది, చెయ్యి లేపింది. జావెద్ కూడా చెయ్యి లేపాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. మేడమ్, మీ మైక్ల ఆవాజ్ వస్తలేదు. ఇంతసేపు మంచిగొచ్చింది, ఇక్కడికి రాంగనే బంద్ అయితుంది. వైర్ లూజ్ ఉన్నట్టుంది."

వైరు మార్చాడు. మళ్ళీ పాడారు. మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి మైకు మార్చి, సెలిన్‌ది ఈమెకిచ్చి ఈమెది సెలిన్‌కిచ్చాడు. సెలిన్ గొంతు ఆ 'పాడైన' మైకులో గంటలా మోగింది. ఈమె చేతిలో మంచి మైకు నోరు మూసుకుంది.

"యా అల్లా! ఇది గూడ ఖరాబయిందా?" జావెద్ హెడ్‌ఫోన్లు తీసి చూసుకున్నాడు, వాటిలోనే లోపం ఉందేమోనని.

తలుపు దగ్గర తర్వాతి పూట హాలు వాడుకోవాల్సిన మలయాళీలు గుమిగూడి గడియారం చూసుకుంటున్నారు. మోజెస్ బోడినెత్తి తుడుచుకుంటున్నాడు. సామ్రాజ్యం కదలకుండా నిలబడింది. వాళ్ళు మైకులు మారుస్తుంటే మార్చనిచ్చింది. ఇదంతా పక్క మంచం మీది రోగికి జరుగుతున్నట్టు చూస్తోంది.

నోవహు గిటారు కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని వైరు పొడవునా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు.

"ఇందులోనే ఉందండి లోపం" అన్నాడు.

"అది కొత్తది సార్, ఇప్పుడే మార్చిన."

"అయినా ఇందులోనే ఉంది."

"నేను చెక్ చేసిన సార్..."

"ఇందులోనే ఉందని చెప్తున్నాను కదా!" నోవహు గొంతు లేచింది. పెళ్ళయ్యాక అతను గొంతు పెంచగా ఆమె వినలేదు. మందు సీసా మీది చిన్న అక్షరాలు సైతం రెండుసార్లు చదివే మనిషి, బాగున్న వైరుని పట్టుకుని పాడైందని పోట్లాడుతున్నాడు. పోట్లాడుతున్నాడే గానీ తల ఎత్తి ఆమె మొహం చూడటం లేదు.

అప్పుడు అర్థమైంది సామ్రాజ్యానికి. బేస్ మోత ఎప్పుడూ మూడో చరణం దగ్గరే ఎందుకు పెరిగిందో, ఎన్నిసార్లు తిట్టించుకున్నా ఎందుకు తగ్గలేదో.

"మైకు బాగానే ఉందండి" అంది. "నాకే రావట్లేదు."

జావెద్ చేతిలో వైరు చేతిలోనే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచమ్మా?" అన్నాడు మోజెస్.

"ఆపరేషన్ అయిన కాణ్ణించి."

"మరి ప్రతి శుక్రవారం నేను..." మోజెస్ మాట మింగేశాడు. ప్రతి శుక్రవారం పాట అవగానే ఆమె దగ్గరకొచ్చి బాగా పాడేవమ్మా అంటూ వచ్చాడాయన. కోప్పడతాడేమో అనుకుంది. ఆయన గిటారు వైరు పీకి, మళ్ళీ పెట్టాడు. తర్వాత సెలిన్ వైపు తిరిగి, "మూడోది నువ్వెత్తుకో" అన్నాడు. సామ్రాజ్యంతో, "మిగతాది నీదే. వచ్చినంత పాడు. రానిచోట ఊరుకో" అన్నాడు.

పాడారు. మూడో చరణం రాగానే సెలిన్ ఎత్తుకుంది. బేస్ ఎంత ఉండాలో అంతే వినిపించింది. సామ్రాజ్యం నోరు మూసుకుంది. కెమెరా ఎదురుగానే ఉంది, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఇన్ని నెలల తర్వాత అక్కడ ఆమె పెదాలు కదలకుండా ఉండటం అదే మొదలు. పెదాలు నొప్పెట్టాయి.

కారులో ఇంటికి బయల్దేరారు. ఎయిర్‌పోర్టు వచ్చింది, వెళ్ళిపోయింది. ప్రతి వారం అక్కడ వినిపించే ఆ ఒక్క మాట ఈ వారం రాలేదు. చాలాసేపటికి ఆమే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి వారమే."

"మరి బాగా పాడేవని ఎందుకనేవారు?"

అల్ ఖౌద్ వైపు తిరగడానికి ఇండికేటరు వేశాడు. అది టక్ టక్‌మని కొట్టుకుంటోంది.

"అలాగన్నా చెప్తావేమోనని" అన్నాడు. "నువ్వు ఊఁ అనేదానివి."

కోపంగా అనలేదు. జాలిగానూ అనలేదు. ఆమెకు దుఃఖం వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. మెడ చుట్టూ కప్పుకున్న కొంగు కిందికి వేలు పోనిచ్చి మచ్చ మీద నొక్కి చూసుకుంది. ఏమీ తెలియలేదు. గొంతు విని చేసుకున్న మనిషి పక్క సీట్లో రోడ్డు చూసుకుంటూ బండి నడుపుతున్నాడు. తెల్లారితే ఖబూరా వెళ్ళిపోతాడు, మళ్ళీ గురువారం గానీ రాడు. ఆమె నోటి దాకా ఊఁ వచ్చింది. ఈసారి దాన్ని అక్కడే ఆపేసింది. దాని బదులు ఏం అనాలో మాత్రం ఫ్లాటు కింద కారు ఆగేదాకా వెతికినా దొరకలేదు.